కాళియమ్మ చెవులు

గుడియాత్తం దొరై మేస్త్రీకి చెవులు పోయి రెండేండ్లయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తాడు. ఆ సంగతి పెండ్లాం కాళియమ్మకు తప్ప ఎవరికీ తెలీదు. పూసిన గోడను ఆయన తాపీ పిడితో కొట్టాల, సిమెంటు మోసే కాళియమ్మ వినాల. గట్టిగా ఉంటే తలూపాల, బోలుగా మోగితే చెయ్యి ఆడించాల. అదీ ఒప్పందం.

ఆ తొంభై ఏడులోనే వేలూరు సత్తువాచారిలో ఇంటింటికీ బాత్రూము టైల్స్ పిచ్చి పట్టింది. ఒక ఆఫీసరింట్లో పైపు కోసం పగలగొట్టిన గోడలో నాలుగు వేళ్ళ లోతు సందు మిగిలింది. ఇటికముక్కలు పెట్టి రెండు దినాలు రెండు వరసలుగా పూడ్చాలని, ఒక్కసారే మెత్తితే లోపల బోలు పడతాదని దొరై చెప్పినాడు.

"టైల్స్ కింద ఎవరికి కనబడతాదయ్యా, ఈపొద్దే ముగించు" అన్నాడు ఆఫీసరు.

కనబడేదే గోడ అనుకునేవాళ్ళతో ఏం మాట్లాడాల? ఒక్కపూటలో పూడ్చేసినాడు.

మరుసటి దినం టైల్స్ వాళ్ళు రాకముందే గోడ కొట్టి చూసినాడు. కాళియమ్మ తలూపింది. ఎందుకో ఎడమచెయ్యి గోడకు ఆనించి మళ్ళా కొట్టినాడు. అరచేతికింద పూత అదిరింది. లోపల అంతా బోలే.

ఈ రెండేండ్లలో ఆమె ఒక్కసారి కూడా చెయ్యి ఆడించలేదని అప్పుడు తట్టింది.

"ఎన్ని గోడలకే ఇట్ల తలూపినావు?"

కాళియమ్మ గంప ఎత్తుకోని, అటు తిరిగి ఏదో చెప్పింది. ఆమె పెదాలు దొరైకి కనబడలేదు.