ఒడ్డున తీసిన బిరడా

“గాలి అయిపోతే ఎట్టా మామా?”

బండి కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగిస్తున్న పోలేరయ్య బయటికి రాకుండానే నవ్వాడు. “గాలి బ్రేకులమ్మాయ్ ఇవి. గాలి అయిపోతే బండి దొర్లదు, ఆడికాడే బిగుసుకుపోతాది. నీ మాదిరే.”

సుభాషిణికి నవ్వు రాలేదు. చంకలో ఉన్న కూతురు కామును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. “సరే, బ్రేకుల సంగతి వదిలెయ్. మెట్టు అంత ఎత్తుంటే కాము పడిపోదా? సిలిండరు ఎండలో ఉంటే? స్విచ్ బోర్డు పాపకు అందేట్టు పెట్టినావే? మంచానికి అంచు లేదు. ఈ జిగురు వాసన పిల్లకు మంచిది కాదు. జనరేటర్ పొగ యాడికి పోతాది? బ్యాటరీ పక్కనే నీళ్ళ ట్యాంకు పెట్టినావు...”

గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్న అత్త పేరమ్మ తలెత్తింది. “నీ భయాలన్నీ ఎక్కిచ్చుకుంటే ఆ బండిలో నాకు చోటుండదే.”

అందరూ నవ్వారు. అడిగిన వాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు.

పోలేరయ్యది కోట ఊరి దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న పాలెం. తండ్రి, తాత, అన్నలు అందరూ పడవ మీద బతికినవాళ్ళే. ఆయనకు మాత్రం సముద్రం పడలేదు. పడవ కెరటం దాటి లోపలికి పోయిందంటే చాలు, వల వదిలేసి అంచు పట్టుకుని వాంతులు చేసుకునేవాడు. జాలరోడికి సముద్రం పడకపోవడం పాలెంలో ఎవరూ కనీవినీ ఎరగరు. పెళ్ళయిన కొత్తలోనే వల అన్నల చేతిలో పెట్టి లారీ క్లీనరుగా పోయాడు. పోర్టు వచ్చాక ట్రైలర్ బండ్ల మీద డ్రైవరై, బొగ్గూ కంటైనర్లూ దేశమంతా తోలాడు.

పేరమ్మది ఇంకో బాధ. ఆమెకు రోడ్డు పడదు. బస్సెక్కితే కోట చేరేలోగా కడుపులో తిప్పుతుంది. దానికి తోడు షుగరు. “ఊరికూరికే ఒంటేలుకు ఆపమంటే ఎవురాపుతారు? నేనేమన్నా కలెక్టరునా?” అనేది. అందుకని ఆమె పాలెం దాటింది తక్కువ. బండి ఆపిన ప్రతిచోట నుంచీ పోలేరయ్య ఫోను చేసి, అక్కడి చెట్లు, మనుషులు, టీ రుచి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆమె గుమ్మంలో కూర్చునే ఇరుగుపొరుగులకు నాగపూర్ నారింజ తోటల గురించి, చూసొచ్చిన మనిషిలా చెప్పేది.

తను తోలిన, ట్రైలర్‌ను లాగే ఇంజన్ బండిని కంపెనీ పాతసామాను కింద తీసేస్తుందని తెలిసినప్పుడు పోలేరయ్య దాన్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. నెల్లూరు షెడ్డులో చాసీ పొడుగు చేయించాడు, కాగితాలు మార్పించాడు. చాసీ మీద ఒక గది కట్టాలి. అందులో పడక, పొయ్యి, మరుగుదొడ్డి, ఏసీ. పేరమ్మ పడుకునే నాగపూర్ పోవాలి. మనవరాలు కామాక్షిని పక్కన పడుకోబెట్టుకుని మరీ పోతానంది ఆమె. సుభాషిణి గుండెల్లో రాయి పడింది ఆ మాటతోనే.

గది కట్టింది గంగులయ్య. పోలేరయ్యకు బావమరిది వరస. పాలెంలో ఫైబర్ పడవలన్నీ అతని చేతి మీదవే. గదిని కూడా పడవ కట్టినట్టే కట్టాడు. అతుకు అతుకుకూ ఫైబర్ గుడ్డ పరిచి జిగురు పట్టించాడు. పైకప్పులో గాలికని వదిలిన కంతను వాన దూరుతుందని తనే పూడ్చేశాడు. కిటికీకి కదలని అద్దం బిగించాడు. తలుపు చుట్టూ రబ్బరు వేశాడు. తర్వాత మోటారు పెట్టి నాలుగు వైపుల నుంచీ నీళ్ళు కొట్టించాడు.

“చూడు బావా, ఒక్క చుక్క దూరితే నా పేరు మార్చుకుంటా!”

దూరలేదు. పాలెమంతా వచ్చి చేత్తో తడిమి చూసి మెచ్చుకుంది.

నేలలో మాత్రం ఒక మూల పిడికిలంత బొక్క ఉంది. దాని బిరడా ఒక తాడుకు కట్టి గోడకు వేలాడుతోంది. పడవకు అడుగున బొక్క ఉంటుంది కదా. ఒడ్డుకు లాగాక బిరడా తీసేస్తారు, వాన నీళ్ళు దిగిపోతాయి. సముద్రంలోకి నెట్టేటప్పుడు బిగిస్తారు. గంగులయ్య చేతికి అది అలవాటు. కాము ఆ బిరడాను బొంగరం అనుకుని ఆడుకునేది. సుభాషిణి చూసింది, నేల కడిగిన నీళ్ళు పోవడానికి అనుకుంది.

ఆమె కోటలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. చదివింది కెమిస్ట్రీ. చెరువులో ప్రాణవాయువు తగ్గడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. పైన నీళ్ళు అద్దంలా ఉంటాయి. రైతు గట్టు మీద నిలబడి అంతా బాగుందనే అనుకుంటాడు. తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. పాప పుట్టాక ఆమెకు ఏ నిశ్శబ్దాన్నీ నమ్మబుద్ధి కావడం లేదు. కాము నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. భర్త పెంచల్ ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, “మళ్ళీ చూసినావా?” అని నవ్వుతాడు.

ఆదివారం నాడు ఇంటిబండిని మొదటిసారి బయటికి తీశారు. ఎక్కువ దూరం కాదు, ఒడ్డున సరుగుడు తోట దాకా. పెంచల్‌కు డ్యూటీ ఉండి రాలేదు. ముందు పోలేరయ్య, గంగులయ్య. వెనక గదిలో ఆడవాళ్ళూ పాపా. సుభాషిణి దారంతా మంచం కోడును పట్టుకునే కూర్చుంది. బండి ప్రతి గుంతలో దిగినప్పుడల్లా, దగ్గర్లోని కేంద్రం నుంచి రాకెట్ ఎగిరినప్పుడు ఇంట్లో గిన్నెలు అదిరినట్టు అన్నీ అదిరాయి. పేరమ్మ మాత్రం అద్దానికి మొహం ఆనించి, “ఒసే, చెట్లు పరిగెత్తతా ఉండాయే!” అని చిన్నపిల్లలా మురిసిపోయింది.

సరుగుడు నీడలో ఆపి అన్నాలు తిన్నారు. ఎండ మండిపోతోంది. పేరమ్మ పాపను ఎత్తుకుని గదిలోకి పోయింది. లోపల గడియ పెట్టుకుంది, గాలికి తలుపు కొట్టుకోకుండా. పోలేరయ్య జనరేటర్ వేశాడు. నేల కింది పెట్టెలో అది గుర్రుమంది, ఏసీ ఆడింది. బావాబావమరుదులు చెట్టు కింద తువ్వాళ్ళు పరుచుకున్నారు.

సుభాషిణి గిన్నెలు కడిగింది. పాప టోపీ ఇసకలో ఎగిరిపోతే పట్టుకోవడానికి వంగింది. అది బండి కిందికి దొర్లింది. చెయ్యి చాపి తీసుకుంటూ ఊరికే పైకి చూసింది.

బండి అడుగున ఒక గుండ్రటి వెలుతురు చుక్క. గదిలోని దీపం వెలుతురు. దాని పక్కనే జనరేటర్ పొగ గొట్టం. సముద్రపు గాలి పొగను పోనివ్వకుండా బండి కిందనే తొక్కిపెడుతోంది. సన్నటి నీలం పాయ ఒకటి మెలికలు తిరుగుతూ ఆ వెలుతురులోకి ఎక్కుతోంది.

ఒడ్డున ఉన్నారు కాబట్టి బిరడా తీసే ఉంది.

లోపల చుక్క నీరు దూరని గది. దూరినది బయటికి పోయే దారీ లేదు. జిగురు వాసన ఇంకా పోలేదు, అందులో పొగ వాసన తెలియదు. పొగలో ఉండే విషవాయువుకైతే అసలు వాసనే ఉండదు. ఆమె టోపీ అక్కడే వదిలేసింది. లేచి పరిగెత్తింది.

“మామా! జనరేటర్ పొగ, కింద బొక్కలోంచి, కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసనుండదు, తలుపుకి రబ్బరేసినారు, పైన కంత పూడ్చినారు...”

“మొదలుపెట్టింది,” అన్నాడు గంగులయ్య కళ్ళు తెరవకుండా.

“ఏసీ ఆపితే మీ అత్త లేస్తాదమ్మాయ్,” పోలేరయ్య పక్కకు తిరిగాడు. “కాసేపు పండుకోనీ.”

ఆమె బండి వైపు చెయ్యి చాపింది. చదివిన మాటలన్నీ ఎటో పోయాయి. నోటికి ఒకే ఒక్కటి మిగిలింది.

“గాలి!”

ఇద్దరు మగవాళ్ళూ ఒక్క ఉదుటున లేచారు. ఎందుకని అడగలేదు. గంగులయ్య బండి కిందికి దూరి జనరేటర్ ఆపేశాడు. పోలేరయ్య తలుపు గుంజాడు. గడియ. “మే! పేరమ్మా! తలుపు తియ్యి మే!” లోపల నుంచి ఉలుకూ పలుకూ లేదు. జాకీ రాడ్ తెచ్చి రబ్బరు సందులో దూర్చి ఒరిగాడు. ఫైబర్ పెళపెళమంది. రెండోసారి ఒరిగితే గడియ ఊడి పడింది.

పేరమ్మ మంచం దగ్గర నేల మీద ఉంది, తలుపు వైపు చెయ్యి చాపి. కాము మంచం మీద నిద్రపోతున్నట్టే ఉంది. బుగ్గలు ఎర్రగా, ముద్దొచ్చేట్టు ఉన్నాయి. ఆ ఎరుపు విషవాయువు తెచ్చిందేనని సుభాషిణికి తెలుసు. ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది.

ఇసక మీద, సముద్రపు గాలికి ఎదురుగా పడుకోబెట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. రోజూ పెట్టే వేలే. ఆ వేలికి ఏమీ తెలియలేదు. నోటితో ఊపిరి ఊదింది. మళ్ళీ ఊదింది. పక్కన పేరమ్మ దగ్గి, వాంతి చేసుకుంది. పోలేరయ్య ఆమె తల పట్టుకుని మనవరాలి వైపే చూస్తున్నాడు. 

కాము మూలిగింది. తర్వాత ముఖం చిట్లించింది. తర్వాత ఏడ్చింది, తోటంతా వినపడేట్టు.

కోట ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి పేరమ్మ మాట్లాడింది. “కడుపులో తిప్పింది. తల దిమ్మెక్కింది. నాకు రోడ్డు పడదు గదా, అదే అనుకున్నా. బండి ఆగి ఉండాదన్న సంగతే తట్టలా.”

గంగులయ్య వరండాలో తల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పోలేరయ్య సుభాషిణి దగ్గరికి వచ్చి, బెంచీ మీద కాకుండా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఆ మాట నువ్వు మొన్ననే అడిగినావమ్మాయ్. పొగ యాడికి పోతాదని.”

“అడిగినా మామా.”

“మెట్టు, సిలిండరు, బోర్డు, మంచం... వాటెనక అడిగినావు. నా చెవికి ఆనలా. చెవి నాదే, తప్పు నాదే. ఈ పొద్దు గాలి అన్నావు. ఎవురు నేర్పినారు నీకు?”

“ఎవరూ నేర్పలా. ఇంకో మాట రాలా.”

“పడవ మీద గాలివాన వచ్చేది ముందు ఎవురు చూస్తే వాళ్ళు ఆ ఒక్క మాటే అరవాల. ఎంత దూరముండాది, ఎటునుంచి వస్తాంది, ఏం చెప్పకూడదు. గాలి, అంతే. ఇన్నోడు చేతిలోది ఆడనే వదిలేస్తాడు. సముద్రం మానేసి ఇన్నేళ్ళయినా ఆ మాట ఇంటే నా కాళ్ళు ఆగవు.” ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. “నిన్ను భయపడబాక అని చెప్పనమ్మాయ్. భయపడు. ఉన్న భయాల్లో పెద్దదాన్ని ఏరుకో, ఒక్క మాటలో చెప్పు. అది తీరిందాకా రెండోది ఎత్తబాక. అది తీరిందాకా నేనూ బండి కదిలించను.”

తర్వాత గదికి రెండు వైపులా తెరుచుకునే కిటికీలు కోశారు. కోస్తున్నప్పుడు గంగులయ్య తన పడవనే కోస్తున్నట్టు మొహం తిప్పుకున్నాడు. నేల బొక్కను మాత్రం తన చేత్తోనే పూడ్చాడు. జనరేటర్‌ను పీకేశారు. విషవాయువును పసిగట్టి మోగే చిన్న పరికరాన్ని సుభాషిణి మంచం పక్కనే బిగించింది.

ఆమె భయాలు తగ్గలేదు. కాము బడికి పోయే వయసొచ్చినా, ఆటో ఎక్కించేటప్పుడు ఇప్పటికీ పదో పన్నెండో ఒక్కసారిగా గొంతు దాకా వస్తాయి. అన్నీ మింగి, ఒక్కటి ఏరుకుంటుంది. “తలుపు,” అంటుంది ఆటో అతనితో. అతను దిగి గొళ్ళెం పెట్టాకే పాప చెయ్యి వదులుతుంది.

నాగపూర్ బయలుదేరిన పొద్దున కూడా అంతే. పేరమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. ఇంజను ఆడుతోంది. సుభాషిణి పాపను ఎత్తుకుని కిందే నిలబడింది. పోలేరయ్య స్టీరింగ్ వదిలి ఆమె వైపు చూస్తూ ఉన్నాడు.

“కిటికీలు,” అంది.

ఆయన దిగాడు. బండి చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ నెట్టి చూశాడు. “తెరిచే ఉండాయి.”

అప్పుడు రెండోది చెప్పింది.

“మెట్టు.”

ఎత్తు మెట్టు దాటించడానికి పోలేరయ్య పాప కోసం రెండు చేతులూ చాపాడు.