పెద్దమ్మ పూడ్చిన గాడి

మా పెద్దమ్మకు వీధిలో ఒక పేరుంది: బండలకు పేలు చూసే ఆవిడ. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే చిన్న పీట, కొస వంచిన పాత చాకు పట్టుకుని కాలిబాట మీద కూర్చునేది. బండకూ బండకూ మధ్య మొలిచిన గడ్డిని లాగి పక్కన పడేస్తూ, పీట జరుపుకుంటూ వీధి మలుపు దాకా వెళ్లేది. దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా? "పేలు దొరికాయా పెద్దమ్మా?" అనేవాళ్లు. "నీ తలలో ఉన్నన్ని లేవులే," అనేది తలెత్తకుండానే.

ఆవిడ మాటకు తిరుగులేదు, పనికీ తిరుగులేదు. ఎండలో పీకితే మొక్క తెగుతుందని, తడి మీద లాగితేనే వేరుతో సహా వస్తుందని అందరికీ పాఠం చెప్పేది. పూత పట్టకముందే లాగాలి, గింజ రాలాక ఏడ్చి లాభం లేదు అనేది. వేరు లోపలే ఉండిపోయిందా, కెటిల్‌తో మరిగే నీళ్లు పోసేది. ఎవరో ఉప్పు చల్లమంటే ఒకసారి అదీ చేసింది. గడ్డితో పాటు పక్కింటి గోడవార గులాబీలు కూడా మాడిపోయాయి. ఆ ఇంటావిడతో మళ్లీ మాటలు కలవడానికి చాలా కాలం పట్టింది.

పెదనాన్నకు చిన్నతనంలోనే చూపు పోయింది. కుర్చీలు అల్లే పని ఆయనది. మలుపు తిరిగి కాస్త ముందుకు వెళితే ఆయన పనిచేసే దుకాణం. రోజూ చేతికర్ర పట్టుకుని ఒక్కడే వెళ్లేవాడు, ఒక్కడే వచ్చేవాడు. ఎవరైనా జాలిపడి చెయ్యి పట్టుకోబోతే ముఖం గంటు పెట్టుకునేవాడు. "ఎలా వెళతావు పెదనాన్నా?" అని నేను అడిగితే, "దారి నా బుర్రలో అచ్చయి ఉందే," అనేవాడు. గొప్పలు చెప్పుకోవడంలో ఆలుమగలిద్దరూ ఒకరికొకరు తీసిపోరు. పై అంతస్తులో అద్దెకుంటూ, వరస కలిపి పిలిచే నాకు ఇద్దరి గొప్పలూ ఉచితం.

గడ్డి పనంటే మాత్రం ఆయనకు విసుగు. "వీధంతా నీ వాకిలేనటే? నడుం విరగ్గొట్టుకుంటావు," అని గొణిగేవాడు. పెద్దమ్మ బదులు చెప్పేది కాదు. నాకు మాత్రం చెప్పింది. చాలా ఏళ్ల కిందట గడ్డి దుబ్బుకు కాలు తగులుకుని ఆయన బోర్లా పడ్డాడట. "ఆయన కోసమే అని తెలిస్తే ఊరుకోరే. నాకేమన్నా అవిటితనమా అని గొడవ. శుభ్రం పిచ్చి అనుకోనీ, నాకేం పోయింది," అంది.

ఈ మధ్య ఆవిడకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. పీట మీద కూర్చుంటే లేవడానికి నా భుజం కావాలి. "నేను వంగలేని రోజు వస్తే ఈ గడ్డి ఎవరు పీకుతారే?" అంది ఒకరోజు. అంతకుముందు ఆవిడ నోట భయపడే మాట నేను వినలేదు.

ఎదురింట్లో గోడ కట్టడం పూర్తయ్యేసరికి కొంత సిమెంటు మిగిలింది. అంతే, పెద్దమ్మకు దారి దొరికింది. సెలవు రోజు మధ్యాహ్నం పెదనాన్న లోపల రేడియో వింటుంటే మేస్త్రీని పట్టుకొచ్చింది. మా గుమ్మం నుంచి మలుపు దాకా రెండు వరసల బండల మధ్య ఒక పొడుగాటి గాడి ఉంది. గడ్డి ఎక్కువగా మొలిచేది అందులోనే. దాన్ని గోకించి, కడిగించి, సిమెంటు నింపి, తాపీతో నున్నగా చేయించింది. "ఇక ఇందులో గడ్డి మొలిస్తే నీ నెత్తిన జుట్టు మొలిచినట్టే మేస్త్రీ," అంది. ఆయనది నున్నటి బట్టతల. పాపం, ఆయనే ముందు నవ్వాడు.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరి గదికి తాళం వేసుకుంటున్నాను. మలుపు దగ్గర ఏదో వ్యాను కీచుమని ఆగిన చప్పుడైంది. కాసేపటికి మూలమీది దర్జీ పెదనాన్న చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. కాలిబాట దిగి రోడ్డు మీదికి వెళ్లిపోయాడట. దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీలో కూర్చుని, "బండలు మార్చారా ఎవరైనా?" అని అడిగాడు.

"లేదండీ. గడ్డి మొలవకుండా సిమెంటు పెట్టించాను," అంది పెద్దమ్మ.

"ఆ పొడుగు గాడిలో కూడానా?"

"ముందు దాంట్లోనే."

ఆయన కర్ర కొసను వేళ్లతో తడిమాడు. తర్వాత, "కర్ర కొస ఆ గాడిలో పెట్టుకునే కదే నేను వెళ్లేది," అన్నాడు మెల్లగా.

"మరి దారి బుర్రలో ఉందన్నారు?" అంది పెద్దమ్మ. అడిగిన వెంటనే నోరు మూసుకుంది.

ఆ తర్వాత ఆయన పనికి వెళ్లలేదు. దుకాణం యజమాని ఆటో పంపిస్తానన్నాడు, దర్జీ తానే తీసుకెళతానన్నాడు, నేనూ అడిగాను. "చెయ్యి పట్టుకుని తీసుకెళితే చేరతానమ్మా. కానీ నేను వెళ్లినట్టు కాదు," అన్నాడు. కర్ర ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. రేడియో కూడా పెట్టేవాడు కాదు. ఇలాగే ఉంటే ఈ మనిషి ఆ కుర్చీకే అంటుకుపోతాడని నాకు నిజంగా భయం వేసింది.

పెద్దమ్మ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. ఉలి, సుత్తి సంపాదించి గుమ్మం ముందే మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "అలా కొడితే బండ అంచులు లేచిపోతాయమ్మా," అని మర్నాడు కోసే మిషను తెచ్చాడు. అడుగున సిమెంటు అలాగే ఉంచి, పైన వేలెడు లోతు తీస్తే చాలు అని పెద్దమ్మ తేల్చింది. కింద నుంచి గడ్డి రాదు, పైన కర్రకు చోటుంటుంది. ఆవిడకు మళ్లీ గొంతు వచ్చిందని నాకు అప్పుడే అర్థమైంది.

కానీ మొదటి నాలుగు బండల దాకా కోశాక మిషను ఆపించింది. లోపలికి వెళ్లి పెదనాన్న ముందు నిలబడింది.

"ఆ గాడి నేను రోజూ చూశాను గానీ, అది మీకు ఎలా తగిలేదో నాకు తెలియదు. వచ్చి చెప్పండి."

"నువ్వు చేసిందేగా, నువ్వే చూసుకో."

"నేను చూసుకుంటేనేగా ఇంత పనయింది. లేవండి."

ఆయన లేచాడు. ఇద్దరూ పీటలు వేసుకుని బండల మీద కూర్చున్నారు. ఆయన వేళ్లతో తడిమి చెబుతుంటే మేస్త్రీ కోస్తున్నాడు. ఇక్కడ ఇంకాస్త వెడల్పు ఉండేది. ఇక్కడ కర్ర చిన్నగా ఎగిరేది, దర్జీ కొట్టు వచ్చినట్టు. మలుపు దగ్గర బండ మూల విరిగి గుంట ఉండేది, కర్ర అందులో పడితే కుడికి తిరగాలి. ఆ గుంటను కూడా ముచ్చటగా పూడ్పించిన మహాతల్లి మా పెద్దమ్మే.

"ఇన్నేళ్లూ గడ్డి ఎందుకు పీకాననుకున్నారు?" అంది పెద్దమ్మ, సిమెంటు పొడి ఊడుస్తూ.

"నీ శుభ్రం పిచ్చి అనుకున్నాను."

"మీరు పడ్డారుగా. అందుకు."

పెదనాన్న చెయ్యి గాడిలో ఆగిపోయింది. "ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు.

"మీరు చెప్పారా?"

ఆయన పక్కకు చెయ్యి చాపి, పొడి అంటిన ఆవిడ చేతిని వెతికి పట్టుకున్నాడు. మేస్త్రీ మిషను ఆపేసి అటువైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ మర్నాడు పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం దిగాడు. నేను వెంట వెళ్లబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అరుగు మీద నిలబడి ఇద్దరం వింటున్నాం. కర్ర కొస గాడిలో గీసుకుంటూ వెళుతోంది. దర్జీ కొట్టు దగ్గర చిన్నగా ఎగిరింది. మలుపు దగ్గర ఆగింది. పెద్దమ్మ వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. చప్పుడు కుడికి తిరిగి సన్నబడి, ఇక వినిపించలేదు.

పెద్దమ్మ అరుగు మీద కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడవడం నేను అంతవరకు చూడలేదు.

"ఏమైంది పెద్దమ్మా?" అన్నాను.

"ఒక్కరే వెళ్లారే," అంది.