నాలుగంగుళాల తెల్ల గీత

వెర్లిన్ హూక్‌స్ట్రా గురించి మా ఊళ్లో ఎవరినడిగినా రెండు ముక్కలు చెబుతారు. ధాన్యం గిడ్డంగిలో నలభై ఏళ్లు కాటా దగ్గర కూర్చున్నాడు. కాలేజీ మైదానంలో ముప్పై నాలుగేళ్లు గొలుసు మోశాడు. మూడో ముక్క నేను చెప్పాలి. ఆ శనివారం గొలుసు వెనక కర్ర నా చేతిలోనే ఉంది మరి. నేను ఆ కాలేజీలోనే మూడు సెమిస్టర్లు వెలగబెట్టి బయటపడ్డవాణ్ణి. నేను మానేశాకే వాళ్ల జట్టు బాగుపడిందని ఊళ్లో అంటారు. దాన్ని త్యాగం అంటారని నేనంటాను.

అమెరికాలో మా అయోవా రాష్ట్రపు ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేదా, బంతి అవతలివాళ్లది. ఆ పది గజాలకు సాక్షి గొలుసే. రెండు కొసలా రెండు కర్రలు, మధ్యలో ఒక క్లిప్పు. మైదానం నిండా ఐదేసి గజాలకొక తెల్ల గీత ఉంటుంది. గొలుసు దాటే మొదటి గీత దగ్గర, దాని వెనక అంచుకు సరిగ్గా, క్లిప్పు పెడతాం. బంతి చేరిందా లేదా అని అనుమానమొస్తే గొలుసును మైదానం మధ్యకు మోసుకెళ్లి, క్లిప్పును అదే గీత వెనక అంచున ఆనించి కొలుస్తాం. గీత వెడల్పు నాలుగంగుళాలు. క్లిప్పు పని వెర్లిన్‌ది. వెనక కర్ర నాది, ముందు కర్ర పెద్ద పోపెల్కాది, ఎన్నో ప్రయత్నమో చూపే కర్ర వాడి తమ్ముడిది.

మేమంతా ఊరివాళ్లమే. కాని ఆట నడిచినంతసేపు మాకు ఊరు లేదు, చప్పట్లు కొట్టకూడదు. వెర్లిన్ మరీ చాదస్తుడు, స్కోరుబోర్డు వైపు కూడా చూడడు. లారీ తూచేటప్పుడు రైతు మొహం చూస్తామా అనేవాడు.

ఆ ఏడు మా కాన్ఫరెన్స్‌లో, అంటే టైటిల్ కోసం ఒకరితో ఒకరు ఆడే గుంపులో, ఎనిమిది కాలేజీలు. ఆగస్టులో కోచ్‌లందరూ ఓట్లేసి మాకు ఎనిమిదో స్థానం ఇచ్చారు. తొమ్మిదోది లేదు కాబట్టి ఆగారు. మాకు ఎన్నడూ టైటిల్ రాలేదు. అలాంటిది మొదటి ఆట గెలిచాం, రెండోదీ గెలిచాం. మూడో ఆటలో గాలి ఎంత వీచిందంటే, మావాడు తన్నిన బంతి వెనక్కి తిరిగొచ్చి మా బస్సెక్కి కూర్చుంది. నమ్మకపోతే డ్రైవర్ని అడగండి, పాపం పోయాడనుకోండి. అదీ గెలిచాం. ఆరు ఆటలకు ఐదు గెలిచేసరికి చర్చిలో పాస్టర్ ప్రార్థన కుదించి, జనాన్ని పెందలాడే వదలడం మొదలెట్టాడు.

వెర్లిన్‌కు జనవరిలో మోకాలి ఆపరేషన్. ఇదే తన ఆఖరి సీజన్ అని మాతో చెప్పాడు. నవంబరులో ఓ పొద్దున మైదానం గేటు తీస్తూ, ఎవరూ అడగకుండానే అన్నాడు: "ఒక్కసారి, లైల్. ఒక్క టైటిల్ చూసి కూర్చోవాలనుంది." ముప్పై నాలుగేళ్లలో ఆయన నోట ఊరి పక్షం మాట వినడం అదే మొదలు. ఏమైంది పెద్దాయనా, జ్వరమా అని ఆటపట్టించాను. నవ్వలేదు.

ఆఖరి ఆట సెయింట్ ఆల్రిక్ కాలేజీతో. మేం గెలిచినా చాలదు, అదే సమయానికి వేరే ఊళ్లో ఆడుతున్న హార్లాన్ క్రీక్ ఓడిపోవాలి. వాళ్లు ఓడిపోతారని మా ఊళ్లో పిచ్చివాళ్లు కూడా అనుకోలేదు.

ఆట ముగియడానికి రెండు నిమిషాలుంది. మేం పదహారు, వాళ్లు ఇరవై. బంతి మాది. కొత్తగా నాలుగు ప్రయత్నాలు మొదలయ్యాయి. నేను కర్ర పాతాను, వెర్లిన్ నా బూటు పక్కనే క్లిప్పు పెట్టడానికి వంగాడు. అప్పుడే మైకులో అనౌన్సర్ గొంతు వినిపించింది. హార్లాన్ క్రీక్ ఓడిపోయిందన్నాడు.

రెండు వేలమంది ఒక్కసారిగా ఊపిరి పీల్చడం ఎప్పుడైనా విన్నారా? నేను విన్నాను. వెర్లిన్ తలెత్తి స్కోరుబోర్డు వైపు చూశాడు. ఆయన చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. క్లిప్పు గీత ముందు అంచున పడింది.

నేను చూశాను. నోట మాట రాలేదని రాస్తే బాగుంటుంది కాని, నిజానికి నేనే రానివ్వలేదు. కొలత పడితే ముందు కర్ర నాలుగంగుళాలు వెనక్కొచ్చి, ఆ తేడా మా జట్టుకే కలిసొస్తుందని నాకు తెలుసు.

కొలత పడనే పడింది. నాలుగో ప్రయత్నంలో మావాడు ముగ్గురి కింద నలిగి బంతి చాచాడు. తెల్ల టోపీ రిఫరీ మమ్మల్ని పిలిచాడు. గొలుసు మోసుకెళ్లాం. వెర్లిన్ కుంటుతూ వచ్చి, మోకరిల్లి, క్లిప్పును వెనక అంచున ఆనించాడు. పెద్ద పోపెల్కా ముందు కర్ర లాగి నిలబెట్టాడు. బంతి ముక్కు కర్రను అంగుళమున్నర దాటింది. రిఫరీ చెయ్యి ముందుకు చాపాడు, బంతి మాదే. జనం గోల చేశారు, బ్యాండులో బాకా ఊదేవాడు సంబరంతో బాకా నేలకేసి కొట్టాడు.

వెర్లిన్ లేవలేదు. క్లిప్పు మీద చెయ్యి అలాగే ఉంది. మొహంలో రక్తం లేదు. ఇందాక ఆ చెయ్యి ఎక్కడ పెట్టిందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. వెర్లిన్ రిఫరీ పంట్లాం కొస పట్టుకుని లాగాడు.

"ఆగండి. ఇందాక క్లిప్పు తప్పు అంచున పెట్టాను. ముందు అంచున."

రిఫరీ వంగి, ఖాయమేనా అని అడిగాడు.

"ఖాయం. నేనే పెట్టాను."

మా కోచ్ బ్రాండ్‌సెన్ మైదానం అంచు గీత దాటి వచ్చేశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నిన్నెవరడిగారు పెద్దాయనా?" అన్నాడు.

వెర్లిన్ క్లిప్పును గొలుసుతో సహా ముందు అంచుకు జరిపాడు. కర్రలు మళ్లీ నిలబెట్టాం. బంతి రెండున్నర అంగుళాలు తక్కువ.

ఆ తర్వాత నేను చూసింది ఏ కోతలరాయుడూ కల్పించలేడు. రెండు వేలమంది నోళ్లు తెరుచుకుని అలాగే ఉన్నారు. ఎవరూ తిట్టలేదు. సెయింట్ ఆల్రిక్ కుర్రాళ్లు కూడా గంతులెయ్యడం మరిచిపోయి వెర్లిన్‌నే చూశారు. తర్వాత వాళ్లు బంతి పట్టుకుని మూడుసార్లు, ముందుకు పోకుండా మోకాలు నేలకానించి, గడియారం గడిపేశారు. టైటిల్ హార్లాన్ క్రీక్‌కే మిగిలింది. ఓడిపోయి గెలిచామని వాళ్లకూ నమ్మకం కుదరలేదట.

సామాను గదిలో మేం నలుగురమే మిగిలాం. ఇంకో నాలుగు ప్రయత్నాలొస్తే మాత్రం గెలుస్తామని రాసుందా అని చిన్న పోపెల్కా ఊరడించబోయాడు. వెర్లిన్ గొలుసు చుడుతూ నన్ను అడిగాడు:

"ఒరేయ్ లైల్, నీ బూటు పక్కనే పెట్టాను కదా. నా కళ్లు బోర్డు మీదున్నాయి. నీవెక్కడున్నాయి?"

నా దగ్గర ఎన్ని అబద్ధాలున్నాయో ఊరందరికీ తెలుసు. ఒక్కటీ పైకి రాలేదు.

"చూశాను పెద్దాయనా."

ఆయన చుట్టడం ఆపి, గొలుసు నుంచి క్లిప్పు ఊడదీశాడు. మైదానంలో పాలిపోయిన మొహమే ఇప్పుడింకా పాలిపోయింది. నేను చెయ్యి చాపాను. వచ్చే ఏడు ఆయన చోటు నాదేనని ఎప్పట్నుంచో అనుకుంటున్నదే. క్లిప్పును చొక్కా అంచుకు తుడిచి, నా చెయ్యి దాటించి, పెద్ద పోపెల్కా అరచేతిలో పెట్టాడు.

"నువ్వు కర్ర బాగానే పట్టుకుంటావు," అన్నాడు నాతో.