వాకీలో మూడో ఆడగొంతు

దయ్యాల సీరియళ్లకి నేను చాలాకాలం పనిచేశాను. పొగ ఏ మెషిన్‌లోంచి వస్తుందో, కిటికీ రెక్కని ఎవరు తాడు కట్టి లాగుతారో నాకు తెలుసు. అందుకే ఎవరైనా అలాంటి అనుభవాలు చెబుతుంటే మర్యాదకి విని, లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నేనే చెప్పాల్సి వస్తోంది. చెప్పిన ప్రతిసారీ చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. అయినా ఎవరు అడిగినా మళ్లీ మొదటి నుంచీ చెప్పాలనిపిస్తుంది.

నేను లైన్ ప్రొడ్యూసర్‌ని. షూటింగ్‌కి చోటు, మనుషులు, బండ్లు, భోజనాలు కుదిర్చి, అనుకున్న పని అనుకున్న రోజుకి అయ్యేలా చూడటం నా ఉద్యోగం. ఇల్లు మన్సూరాబాద్‌లో. ఆమధ్య ఇంగ్లండ్ నుంచి ఒక చిన్న కంపెనీ సినిమా తీయడానికి వచ్చి, ఇక్కడి పనంతా నాకు అప్పగించింది. ఆ సినిమా నిర్మాత హెలెన్. వయసు యాభై దాటి ఉంటుంది. ఎల్బీనగర్‌లో హోటల్లో దిగింది. రోజూ పొద్దున నా కారులోనే లొకేషన్‌కి వచ్చేది.

మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మాటలు నడిచేవి. మీ దేశంలో ఆడవాళ్లు నిర్మాతలు ఎలా అవుతారని ఒకరోజు అడిగాను.

"నేను ఆఫీసులో టీ కలపడంతో మొదలుపెట్టాను," అంది. "తర్వాత స్క్రిప్టులు జిరాక్స్ తీశాను. తర్వాత ప్రొడక్షన్ సెక్రటరీ. మాలో చాలామంది అక్కడే ఆగిపోయారు. పని బాగా చేస్తే ఆ కుర్చీలోంచి లేవనివ్వరు కదా."

నాకు పక్కున నవ్వొచ్చింది. నా కథా అదే. "మీరు లేకపోతే సెట్టు నడవదు మేడం" అనేవాళ్లే గానీ, తెర మీద పేర్లలో నన్ను మాత్రం మర్చిపోయేవాళ్లు.

"మరి మీరెలా లేచారు?"

"మా మొదటి బాస్ లేపింది. ఆవిడా టైపిస్టుగా వచ్చిన మనిషే. లెక్కలు చూసింది, షెడ్యూళ్లు వేసింది, వేరేవాళ్ల సినిమాలు పూర్తి చేసిపెట్టింది. నిర్మాతగా తన పేరు పడేసరికి జుట్టు నెరిసిపోయింది. నన్ను మాత్రం అంతకాలం ఆగనివ్వలేదు."

ఇంతలో ఫోన్ రావడంతో మాట ఆగిపోయింది. ఆ బాస్ పేరేమిటో నేను అడగలేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో మూతబడిన సినిమా హాలు ఒకటి దొరికింది. ఓనరు తరఫున ఇంజనీరు వచ్చి చూసి, అంతా గట్టిగానే ఉందన్నాడు. ఆ మధ్యాహ్నం బాల్కనీ కింద కుర్చీల్లో జూనియర్ ఆర్టిస్టుల్ని ప్రేక్షకులుగా కూర్చోబెట్టాం. లైట్లు కుదిరాయి. కెమెరామన్ సరేనన్నాడు. షాట్ తీయడమే తరువాయి.

నేను తలుపు దగ్గర ఉన్నాను. నడుముకున్న వాకీటాకీలో గరగరమని, ఇంగ్లీషులో ఒక ఆడగొంతు వినిపించింది.

"టీ అవుట్‌సైడ్, మై లవ్స్. ఎవ్రీబడీ. క్విక్ యాజ్ యు లైక్."

ఆ ఛానల్ మీద మాట్లాడే ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ హెలెనూ. ఇప్పుడు బ్రేకేమిటని ఒళ్లు మండింది. కానీ నిర్మాత మాట. "ఓకే" అని, అందర్నీ బయటికి రమ్మని గట్టిగా అరిచాను.

మా ప్రొడక్షన్ మేనేజర్ సత్తన్నది నల్గొండ దగ్గర ఊరు. చేతిలో వాకీ పట్టుకుని విసుక్కున్నాడు. "గిప్పుడే గదా మేడం చాయ్ తాగిన్రు! మల్లేంది?"

"హెలెన్ మేడం చెప్పింది, విన్నావు కదా. పోనీ అన్నా."

"ఇన్న, ఇన్న. నడువున్రి, నడువున్రి!"

అందరూ గొణుక్కుంటూ ఎండలోకి వచ్చారు. ఎదురుగా జ్యూస్ బండి దగ్గర ఫోన్లో మాట్లాడుతున్న హెలెన్, జనాన్ని చూసి రోడ్డు దాటి పరుగున వచ్చింది.

"బ్రేక్ ఎవరు చెప్పారు?" మొహం ఎర్రగా ఉంది.

"మీరే కదా!"

ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. ఫోన్ తప్ప ఏమీ లేదు. ఆమె వాకీ వ్యాన్‌లో చార్జింగ్‌కి పెట్టి ఉంది.

నేను నోరు తెరిచేలోపే లోపల పెద్ద చప్పుడు. తలుపులోంచి తెల్లటి దుమ్ము మా మీదికి కొట్టుకొచ్చింది. బాల్కనీ అడుగున ఉన్న సిమెంటు సీలింగ్ పెచ్చులు పెచ్చులుగా కుర్చీల మీద పడిపోయింది. ముందు రెండు వరుసలు నుజ్జయ్యాయి.

లోపల ఒక్కరూ లేరు. సత్తన్న మూడుసార్లు అందరి పేర్లూ పిలిచి చూశాడు. కొందరు ఏడ్చారు, కొందరు పిచ్చిగా నవ్వారు. మీర్‌పేట్‌లో ఉండే కృష్ణా జిల్లా జూనియర్ ఆర్టిస్టు ఒకామె నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేపకపోతే మేమంతా ఏమైపోయేవాళ్లమండీ!" అంది. అంత భయమూ అంత సంతోషమూ ఒకేసారి రావడం నాకు అదే మొదలు.

తర్వాత సత్తన్న పక్కకి పిలిచాడు. "మేడం, గా గొంతు ముసలామెది లెక్కుండె. హెలెన్ మేడంకు జర సర్ది పట్టిందేమో అనుకున్న."

వాకీలో వచ్చిన మాటలు వినిపించినవి వినిపించినట్టు హెలెన్‌కి చెప్పాను. ఆమె హాలు మెట్ల మీద కూర్చుండిపోయింది.

"ఈ మాటలు నీకెవరు నేర్పారు?"

అప్పుడు చెప్పింది. తన మొదటి బాస్ పేరు మార్గరెట్. సెట్లో ఏదైనా ప్రమాదం ఉందని అనుమానం వచ్చినా ఆ మాట పైకి అనేది కాదు, తొక్కిసలాట అవుతుందని. నవ్వుతూ, అచ్చం ఇవే మాటలతో అందర్నీ టీకి బయటికి పంపేది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మా బృందంలో హెలెన్ తప్ప ఆవిడని చూసినవాళ్లు లేరు.

నేను వదల్లేదు. వాకీలు ఇచ్చినవాళ్లని అడిగాను. వాళ్ల వాకీ మాటలు మా ఛానల్‌లోకి వచ్చాయేమోనని పక్క షాపింగ్ మాల్ సెక్యూరిటీని అడిగాను. వాళ్లలో ఇంగ్లీషు మాట్లాడే పెద్దావిడ ఎవరూ లేరు. ఆ సమయంలో మా సౌండ్ ఇంజనీరు, సత్తన్న పక్కనే కూర్చుని, తర్వాత మాటల వెనక కలపడానికి హాలు నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తున్నాడట. అది వేసి విన్నాం. నా "ఓకే" ఉంది. సత్తన్న విసుగూ ఉంది. వాటికి ముందు, ఆ గొంతు ఉండాల్సిన చోట, వాకీ గరగర మాత్రమే ఉంది.

మిగిలిన సీన్లు తుర్కయంజాల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో సెట్ వేసి పూర్తిచేశాం. వెళ్లేరోజు ఎయిర్‌పోర్టులో హెలెన్ నన్ను పక్కకి తీసుకెళ్లి ఒకే ఒక్కటి అడిగింది.

"ఆ గొంతు ఎలా ఉంది? మాట్లాడటానికి కష్టపడుతోందా?"

"లేదు. హుషారుగా ఉంది. బోలెడు పని మిగిలి ఉన్నట్టు తొందరగా మాట్లాడింది."

హెలెన్ కళ్లనిండా నీళ్లతో పెద్దగా నవ్వేసింది. ఆఖరి ఏడాదంతా జబ్బుతో మార్గరెట్‌కి గొంతు పూర్తిగా పోయిందట. ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయిందట.

ఆ సీలింగ్ ఎందుకు పడిందో ఇంజనీర్లు తర్వాత వివరంగా చెప్పారు. మమ్మల్ని బయటికి పిలిచిందెవరో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ తెలియదు.