మాంసం చీల్చే మాట

మాంసం కర్మాగారంలో కోత బల్ల దగ్గర ఇరవై ఏళ్లు నిలబడ్డాడు అతను. నోట్లోంచి మాట ఊడిపడదని అందరూ మౌని అనేవాళ్లు. చేతిలో కత్తి మాత్రం వెన్నలో దిగినట్టు దిగేది.

సూపర్‌వైజర్‌కి ఆ మౌనమంటే ఒళ్లుమంట. "అయ్యగారు నిదానంగా కోయండి, పశువు లేచి పారిపోదులెండి," అనేవాడు అందరి ముందూ. పక్కవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. మౌని తల వంచుకునేవాడు.

మౌని భార్య మూడు నెలలు మంచాన ఉండి చనిపోయింది. అయిదో రోజున పనిలోకి వచ్చాడు. సూపర్‌వైజర్ బల్ల మీద ఎడమ చెయ్యి ఆనించి వంగాడు. "వచ్చారా? ఇంట్లో మంచం ఖాళీ అయిందిగా. ఇక నిద్ర చాల్లేదని సాకులు చెప్పకండి."

కత్తి ఎప్పుడు లేచిందో మౌనికే తెలీదు. మొదటి వేటుకి రెండు వేళ్లు తెగి బల్ల మీది ముక్కల్లో కలిసిపోయాయి. రెండో వేటు అరచేతిని చెక్కకి దిగ్గొట్టింది. నలుగురు మీదపడి మౌనిని కుళ్లబొడిచారు. పోలీసులు వచ్చేసరికి ముందు పళ్లు రెండు నేల మీద ఉన్నాయి.

అయిదేళ్లు వేశారు. నిందితుణ్ని రెచ్చగొట్టింది 'సర్కాజం' అని తీర్పులో ఉంది. అదేమిటని జైలు గదిలో ఉన్న ముసలి మాస్టారుని అడిగాడు. తమ్ముణ్ని ఇనపకడ్డీతో కొట్టి చంపి వచ్చాడాయన.

"వెటకారంరా. గ్రీకుల మాట, వేల ఏళ్ల నాటిది. సార్క్స్ అంటే వాళ్లకి మాంసం. దాన్నుంచి మాంసాన్ని చీల్చడమనే మాట పుట్టింది, కుక్క పీకినట్టు. పోనుపోను అదే గుచ్చి మాట్లాడటమైంది."

"అయితే వాడిదీ నాదీ ఒకటే పని, మాస్టారూ."

"ఒకటే. కోర్టుకి కనపడేది నీదొక్కటే."

ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు కులాసాగా ఉన్నాడు మౌని. కానీ ఏళ్లు గడిచేకొద్దీ సూపర్‌వైజర్ వెటకారం చెవుల్లోంచి పోయింది. వేళ్లు తెగినప్పటి అతని అరుపు పోలేదు.

విడుదలైన రోజే వాళ్లింటికి వెళ్లాడు. సూపర్‌వైజరే తలుపు తీశాడు.

"దయచేయండి. మిగిలిన మూడూ కోసుకెళ్తారా?"

మౌని పిడికిలి బిగుసుకుంది. విప్పడానికి కాస్త సమయం పట్టింది. "ఆ చెయ్యి నా తప్పన్నా," అన్నాడు.

తలుపు మొహం మీదే పడింది.

అక్క ఇంటికి నడిచి వెళ్లాడు. పెట్టెలు మోసే పని చూసుకున్నాడు. కత్తి మళ్లీ పట్టలేదు. కూరగాయలైనా అక్కే తరిగేది.