వాషర్లు లేని రేకులు

“అన్నా, ఏమనుకోకు” అని పాస్టరు అయ్యగారు మొదలుపెట్టగానే నాకు విషయం అర్థమైపోయింది. మా చర్చిలో ఎవరినైనా ఏ పనిలోనుంచైనా తప్పించాలంటే ఆ మాటతోనే మొదలవుతుంది. ఆరాధన అయిపోయి, మెట్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాను. పాటకు అడుగు స్వరాలిచ్చే నా బేస్ గిటార్, సంచిలో, పక్కనే గోడకు ఆనించి ఉంది.

“కొత్త హాల్ల నీ బేస్ అంత గుమ్ముగుమ్మంటున్నది. ఫోన్ల లైవ్ చూసేటోళ్లకు ఏం సమజైతలేదంట. కీబోర్డు తమ్ముడు ఎడమచేత్తోని బేస్ గూడ నేనే వాయిస్తనంటుండు. గుడ్ ఫ్రైడే దాంక చూద్దాం. అప్పటికి సాఫ్‌గ వినవడితే సరే, లేకుంటే నువ్వు జర రెస్టు తీస్కో.”

రెస్టు! ఎల్బీనగర్‌లో టైర్ల దుకాణంలో రోజంతా వంగి లేచే మనిషికి ఆ మాట చెడ్డదేమీ కాదు. నిజం చెప్పాలంటే కాసేపు హాయిగా కూడా అనిపించింది. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాకే ఏడుపొచ్చింది. వారమంతా ఎవరెవరి కార్ల కిందో దూరి బతికేవాణ్ణి. ఆదివారం ఆ ఒక్క పూటే నేను లేకపోతే సాగని పని ఒకటి ఉందనుకునేవాణ్ణి. వాయించడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు అది కూడా ఒక కుర్రాడి ఎడమచేతికి సరిపోయే పని అయింది.

తప్పు హాలుదేనని నాకు తెలుసు. చంపాపేట్ దారిలో మా చర్చి మొన్నటిదాకా రేకుల షెడ్డు. దాన్ని పడగొట్టి స్లాబు వేసి, గోడలకు నున్నగా రంగులు కొట్టారు. ఆ షెడ్డులో నా బేస్ ఎవరికీ అడ్డం రాలేదు. కొత్త హాల్లో మాత్రం బావిలో బిందె పడ్డట్టు మోగుతోంది. పాట కూడా చల్లారిపోయింది. షెడ్డులో గొంతులు చించుకుని పాడినవాళ్లే ఇక్కడ దవాఖానాలో మాట్లాడుకున్నట్టు పాడుతున్నారు.

సరే, హాలుతో వచ్చిన తంటాను యంత్రంతోనైనా తీర్చుకుందామని పెడళ్ల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న డబ్బా. గిటార్‌కూ స్పీకర్లకూ మధ్య పెడతారు. ప్రీయాంప్ పెడల్ శబ్దానికి బలమిచ్చి, లావు ఎంత, సన్నం ఎంత ఉండాలో మన చేతికి వదిలేస్తుంది. ఓవర్‌డ్రైవ్ వేరే జాతి. అది శబ్దాన్ని కాస్త బరకగా చేస్తుంది. సాఫ్‌గా వినబడాలన్నారు కాబట్టి నాకు ప్రీయాంపే కావాలనుకున్నాను. వీడియోల్లో ప్రతివాడూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినమంటాడు. మా హాల్లో జనానికందరికీ హెడ్‌ఫోన్లు ఎవరు పెట్టాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ కింద, వాయిద్యాల దుకాణం ఉంది. యజమాని గుంటూరు వైపు మనిషి. “తీరిగ్గా చూడండి సార్, కొనకపోయినా పర్లేదు” అని ప్రీయాంపులు ముందు పెట్టేవాడు. వరసగా మూడు సాయంత్రాలు వెళ్లాను. మూడో సాయంత్రం ఒకదానికి తగిలించి, లావు తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటాను. అది ‘జి’ స్వరం. అంతే! షెడ్డులో మోగిన మోత అచ్చంగా అదే. అంచుల్లో సన్నటి జీర, కింద గట్టి నేల. ఇంకేం చూడకుండా కొనేశాను.

ఆదివారం హాల్లో వాయిస్తే చచ్చిన శబ్దం. మర్యాదగా, శుభ్రంగా, ప్రాణం లేకుండా. కీబోర్డు కుర్రాడు “అంకుల్, కొంచెం బెటర్” అన్నాడు. ఆ జాలి నాకు కోపం తెప్పించింది.

మర్నాడు ఆ కోపాన్ని దుకాణానికి మోసుకెళ్లాను. “ఇక్కడ ఒక తీరు, అక్కడ ఒక తీరు మోగుతది. గిదేం డబ్బా?” అన్నాను. ఆయన పాపం మళ్లీ తగిలించి ఇచ్చాడు. జి మీటాను. అదిగో, అదే జీర! “వింటున్నరా?” అంటూ, నడుం పీకుతుంటే షోకేసు అద్దం మీద చెయ్యి ఆనించాను. జీర ఆగిపోయింది. చెయ్యి తీసి మీటాను, వచ్చింది. పెట్టాను, పోయింది.

“అయ్యో, అద్దం మోగుతోందండీ! బిగించాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా” అన్నాడాయన.

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మనసు అద్దం దగ్గర ఆగలేదు, రేకుల దాకా పోయింది.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి నేను చిన్నవాణ్ణి. బళ్లు మూసేశారు, బస్సులు తిరిగేవి కావు, రోజూ ఎక్కడో ఒకచోట కర్ఫ్యూ. నల్లగొండ వైపు ఊళ్లనుంచి వచ్చి పనులు చేసుకునే మా నాలుగైదు కుటుంబాలవాళ్లు ఆదివారం పట్నంలోని చర్చికి పోయే దారి లేకపోయింది. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే పొలాలే. మేస్త్రీ పని ఆగిపోయి ఇంట్లో కూర్చున్న మా నాన్న, ఇంకొందరూ కలిసి, ఎవరో ఇచ్చిన పాత రేకులతో చంపాపేట్ దారిలో ఆ షెడ్డు లేపారు. బోల్టులు దొరికాయి. రేకు అదరకుండా వాటి కింద వేయాల్సిన వాషర్లు దొరకలేదు. దుకాణాలన్నీ బందు. పాత సైకిల్ ట్యూబులు కోసి వేస్తూ వచ్చి, పాటగాళ్లు నిలబడే మూల దగ్గరికొచ్చేసరికి ట్యూబులు అయిపోయాయి. “షాపులు తెరిచినంక ఏద్దాంలే” అన్నాడు నాన్న. షాపులు తెరిచారు, బళ్లు తెరిచారు, నాన్న పనిలో పడ్డాడు. ఆ మూల వాషర్లు ఎవరూ వేయలేదు.

తర్వాతెప్పుడో నేను బేస్ పట్టుకుని ఆ మూలనే నిలబడ్డాను. జి మోగితే చాలు, రేకులు జుయ్‌మనేవి. జనం ఒకసారి తలెత్తి పైకి చూసేవాళ్లు. చూసి, ఆ మోతను మించాలని, ఎవరూ చెప్పకుండానే గొంతు పెంచేవాళ్లు. ఇన్నేళ్లూ దాన్ని నా బేస్ గొప్పతనమనుకున్నాను. సగం మా నాన్న వాయించాడు.

“నాకు మోత గావాలె” అన్నాను.

“అందరూ మోత పోవాలని వస్తారండీ. మీరేంటి సార్!” అని నవ్వి, ఓవర్‌డ్రైవ్ పెడళ్లు తీశాడు. ఈసారి ముందు అద్దానికి అట్టముక్క బిగించాడు.

అక్కడ మళ్లీ కష్టాలు. మామూలు గిటార్‌కు చేసిన పెడల్ పెడితే అడుగు శబ్దమంతా మాయమై దోమ రొద మిగిలింది. ఇంకొకటి సైలెన్సర్ ఊడిన ఆటోలా ప్రతి స్వరానికీ గీపెట్టింది. రేకులు అలా కాదు. మెల్లగా మీటితే ఊరుకుంటాయి, గట్టిగా కొడితేనే పలుకుతాయి. చివరికి బేస్‌ కోసమే చేసిన పెడల్ ఒకటి దొరికింది. అందులో శుభ్రమైన శబ్దాన్నీ బరక శబ్దాన్నీ కావలసినంత కలుపుకునే మర ఉంది. డ్రైవ్, అంటే బరక, బాగా తగ్గించి, దాని తర్వాత ప్రీయాంప్ పెట్టాను. వరస మారిస్తే పాడవుతోంది. మా ఆవిడ విసుక్కుంది. “పొద్దంత టైర్లు, పొద్దుమీకితే డబ్బాలు. నా ముంగటనేమో నడుం నొప్పి, నడుం నొప్పి అని మూలుగుడు.” ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. నాకే విసుగ్గా ఉంది. ఒప్పేసుకుని బెంచీ మీద కూర్చుంటే పోయేదని చాలాసార్లు అనిపించింది.

గుడ్ ఫ్రైడే రోజు ఎండ మండిపోతోంది. సిలువ మీది ఏడు మాటలకూ ఏడు ప్రసంగాలు, మధ్యమధ్య పాటలు. నాన్నవాళ్లతో కలిసి రేకులెత్తినవాళ్లలో మిగిలింది ఒక్క అవ్వే. ఆమె ఎప్పుడూ ముందు వరుసే. మూడో మాట తర్వాత పాటలో జి వచ్చే చోటు దగ్గరపడింది. పెడల్ నొక్కి, గట్టిగా కొట్టాను. జుయ్‌మంది.

అవ్వ తలెత్తి స్లాబు వైపు చూసింది. ఆమె వెనక ఇంకో ముసలాయన. ఆ వెనక నాతోపాటు షెడ్డులో పెరిగినవాళ్లంతా, లేని రేకుల కోసం తెల్లటి సున్నం వైపు తలలెత్తారు. మరుక్షణం గొంతులు లేచాయి. వాళ్లను చూసి, షెడ్డు సరిగా ఎరగని పిల్లలు కూడా అందుకున్నారు. చివరి పాటదాకా హాలు దద్దరిల్లిపోయింది. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. నాన్న పక్కనే నిలబడ్డట్టుంది.

అందరూ వెళ్లాక అయ్యగారు వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. “జనం మస్తు పాడిండ్రన్నా. కొత్త హాల్లకొచ్చినంక గిట్ల ఎన్నడు పాడలే.” వెళ్లబోయి మళ్లీ తిరిగాడు. “గని నీ బేస్ ఏడ వినవడ్డదన్నా? నేను ఫోన్ల గూడ చూసిన. అంత జనం గొంతులే.”

చెప్పొచ్చు. కానీ సైకిల్ ట్యూబులు అయిపోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పొద్దున్నుంచీ నిలబడి కాళ్లు లాగేస్తున్నాయి. ఆయన మాటా నిజమే కదా, వినబడలేదు. “సరే అయ్యగారూ” అని వైర్లు చుట్టుకుని పెడళ్లు సంచిలో పెట్టుకున్నాను.

ఈస్టర్ ఆదివారం మా ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. కుర్రాడి ఎడమచెయ్యి తప్పులేకుండా వాయిస్తోంది, ఎవరికీ అడ్డం రాకుండా. జనం దవాఖానా గొంతులతో పాడుతున్నారు. జి వచ్చే చోటు వచ్చింది, జుయ్‌మనలేదు.

నేను చర్చిలో ఎప్పుడూ పాడలేదు. చేతిలో బేస్ ఉండేది, గొంతు కూడా బాగుండదు, పెద్ద స్వరం ఎత్తితే పగిలిపోతుంది. పాట తిరిగి మళ్లీ ఆ చోటుకు రాగానే, ఉన్న బలమంతా పెట్టి ఎత్తాను. పగిలింది. మా ఆవిడ సిగ్గుతో మోచేత్తో పొడిచింది. ముందు వరుసలో అవ్వ తలెత్తి పైకి చూసింది.