తెల్ల ఎలుగుల పెళ్లిపెద్దకు పెళ్లిచూపులు

ఖమ్మం బస్టాండులో ఉదయం ఆరున్నరకు భద్రాచలం బస్సు ఎక్కాను. ఎక్కానని ఊరికే అంటున్నాను గానీ, మార్చి నెలలో ఆ బస్సు మనల్ని ఎక్కనివ్వడమే గొప్ప. మిర్చి యార్డుకు వచ్చి తిరిగి పోయే రైతులు, కాలేజీ పిల్లలు, వాళ్ల ట్రంకు పెట్టెలు. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి ముందు సీట్లు వాళ్లవి, వెనక సీట్లూ వాళ్లవే. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపే పాత విద్య ఈ దారిలో పనికిరాదు. నేను వేసిన కర్చీఫ్ మీద ఒక పెద్దమ్మ హాయిగా కూర్చుని, "ఇది ఎవరిదయ్యా?" అని నన్నే అడిగింది. జిప్పు సంచీలో బైబిలు పెట్టుకుని కొత్తగూడెంలో ఏదో సభకు వెళుతోంది. కాస్త జరిగి నాకూ చోటిచ్చింది.

నేను వెళ్లేది పెళ్లిచూపులకు. ముప్పై మూడేళ్లు వచ్చాయి. ఇంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఒక్కచోటే ఆగిపోయాయి: అబ్బాయి ఏం చేస్తాడు? ఇది కూడా తప్పితే ఇక ఈ ఊసు ఎత్తనని అమ్మ ఒట్టు పెట్టుకుంది. నాకూ విసుగొచ్చింది. ఈసారి కుదిరితే కుదిరినట్టు, లేకపోతే వంట నేర్చుకోవాలి.

నా ఉద్యోగం ఏమిటంటే, ధ్రువపు ఎలుగుబంట్లకు జతలు కూర్చడం. నవ్వకండి. చలి దేశాల జూలలో ఉన్న తెల్ల ఎలుగులన్నిటికీ వంశావళి రాసి ఉంటుంది. దేని తల్లి ఏది, తండ్రి ఏది, తాత ఏ ఊరి జూలో పుట్టాడు, అన్నీ. దగ్గరి రక్తం కలిస్తే పుట్టే పిల్లలు బలహీనంగా ఉంటాయి. అందుకని ఏ ఆడదానికి ఏ మగదాన్ని తేవాలి, ఏ జూ నుంచి ఏ జూకు పంపాలి, పిల్లలకు చోటు లేని ఏడు ఎవరిని విడిగా ఉంచాలి, ఇవన్నీ ఒక పెద్ద మేడమ్ అక్కడ కూర్చుని నిర్ణయిస్తుంది. ఆమెకు చుట్టరికాల లెక్కలు కట్టి పంపేవాళ్లలో నేనొకణ్ణి. ఉండేది ఖమ్మంలో, కోచింగ్ కాలేజీల సందులో, అద్దె గదిలో. ప్రాణంతో ఉన్న తెల్ల ఎలుగును చూసింది ట్రైనింగుకు పంపినప్పుడు మాత్రమే.

తనికెళ్ల దాటేసరికి పెద్దమ్మ మాట కలిపింది.

"ఏం నౌకరీ నాయనా?"

"తెల్ల ఎలుగుబంట్లకు జతలు కుదురుస్తానమ్మా."

"ఏడ?"

"ఖమ్మంలో."

"ఖమ్మంలనా! ఓ తండ్రీ, గీ ఎండలకు మనుషులకే దిక్కు లేదు, మంచు ఎలుగులేడ బతుకుతయి?"

"అవి ఇక్కడ లేవమ్మా. నేను ఇక్కడ, అవి అక్కడ."

ఆమె కాసేపు నా మొహంలోకి జాలిగా చూసింది. "నీ కోసం ప్రార్థన చేస్తలే బిడ్డా" అని బైబిలు సంచీ నిమిరింది.

ఎనిమిది దాటాక జూలూరుపాడులో మా సోమ్లా మామ ఎక్కాడు. అమ్మకు తమ్ముడు, పత్తి రైతు. మా ఇంట్లో ఏ సంబంధానికైనా మేనమామ ముందు పోయి చూసి రావాలి. ఆయన సరే అంటేనే ఇల్లందు నుంచి అమ్మా నాన్నా కదులుతారు. తెల్ల చొక్కా, కొత్త తువ్వాల, బుగ్గన పౌడరు. పెళ్లికొడుకు ఎవరో తెలియక కండక్టరు ఆయన్నే ముందు పలకరించాడు.

"అంత చూసిన్రా రవీ. పిల్ల పేరు మంజుల. కొత్తగూడెంల దవాఖానల ల్యాబ్ టెక్నీషియన్. గోత్రం గూడ అడిగిన, మనకు అన్నదమ్ముల వరస కాదు" అన్నాడు. మా లంబాడీలలో ఇంటిపేరు వేరైనా గోత్రం ఒకటైతే అన్నాచెల్లెళ్ల కిందే లెక్క. ఈ ఒక్క విషయంలో మా మామా, మా ఆఫీసూ ఒకే మాట మీద ఉంటారు.

"నా ఫోటో పంపావా?"

"అవ్. ఎలుగు పక్కపొంటి నిలబడ్డవు సూడు, అది పంపిన."

"దానికీ నాకూ మధ్య అద్దం ఉంది మామా!"

"అద్దం చట్రం అడ్డమొస్తున్నదని కట్ చేసిన. పిలగాడు ధైర్యవంతుడని తెలవాలె గద."

మేం పోతున్నది పాల్వంచ దాటాక అడవి అంచున ఉన్న తండాకు. ఇది ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారగానే పువ్వు ఏరుకునే మనుషులకూ, పువ్వు తినడానికి వచ్చే ఎలుగుకూ ఆ అడవిలో చెట్లు ఒకటే. అలాంటి ఇంటికి ఎలుగుతో భుజం కలిపిన ఫోటో పంపేవాడు నాకు తెలిసి మా మామ ఒక్కడే.

కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టి దిగిపోయింది. మామ రెండు ప్లేట్ల ఇడ్లీ లాగించాడు, నేను టీతో సరిపెట్టాను. ఈ దారిన వచ్చేవాళ్లు తినడం ఏదో ఇక్కడే తినాలి, తర్వాత కోతులకు తప్ప ఎవరికీ ఏమీ దొరకదు. పాల్వంచ పొగగొట్టాలు దాటాక టేకు చెట్లు మొదలయ్యాయి. రోడ్డు పక్కన రంగు రంగు చీరలు పరిచి ఇప్పపువ్వు ఎండబోశారు. పది గంటలకు ఒక అడ్డరోడ్డు దగ్గర దిగి, కిరాయి దగ్గర మామ ఆటోవాడితో నాకు సిగ్గేసేదాకా బేరమాడి, మట్టిదారిన తండా చేరాం. తండా పేరు రాయను. రాస్తే మంజుల ఊరుకోదు.

వాకిట్లో మంచాలు వేశారు. తండా పెద్ద నాయక్ తాత, పిల్ల తండ్రి, అన్న, బాబాయి, ఇంకా పని లేని మగవాళ్లందరూ ఉన్నారు. మధ్యన స్టూలు మీద పళ్లెంలో బెల్లం. మాలో ఇరువైపుల పెద్దలు బెల్లం నోట్లో వేసుకుంటే మాట పడ్డట్టే, ఇక వెనక్కి పోవడం ఉండదు. మామ కళ్లు ఆ పళ్లెం మీదే ఉన్నాయి. నా కళ్లు తలుపు మీద. తలుపు దగ్గర నిలబడ్డది పిల్ల తల్లి. నీళ్లయినా ఇవ్వకుండా మొదలుపెట్టింది.

"మా మరిదిని పోయిన యేడు గుడ్డెలుగు పట్టింది. సూడుండ్రి. మళ్ల ఎలుగుల తోటి తిరిగెటోనికి పిల్లనియ్యాల్నా?"

ఆ మరిది నా ఎదురుగానే కూర్చున్నాడు. అడక్కముందే చెంప ఇటు తిప్పి కుట్ల గుర్తులు చూపించి, మర్యాదగా నవ్వాడు.

నేను గబగబా నిజం చెప్పేశాను. మధ్యలో అద్దం ఉందని, నేను ఎలుగును ముట్టనే లేదని, నా పనంతా కంప్యూటర్ ముందేనని. తల్లి మొహం తేటపడింది. ఈసారి తండ్రి మొహం మాడింది.

"అంటే ఎలుగుల ఆఫీసరు కాదా?"

"కాదండీ."

"ఎలుగులు ఖమ్మంల లేవా?"

"లేవండీ."

"మరి నౌకరేంది?" అని మామ వైపు తిరిగాడు. మామ తువ్వాలతో పౌడరు తుడుచుకున్నాడు. ఎలుగు ఉంటే పిల్లనివ్వరు, లేకపోతే ఉద్యోగమే కాదంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ సమయానికి నా ఫోను మోగింది. మేడమ్ ఆఫీసు నుంచి వీడియో. నేను లెక్క కట్టిన జత ఒకటి, ఫ్రీడా అనే ఆడదీ గుస్టావ్ అనే మగదీ, ఆ వారమే మొదటిసారి ఎదురెదురుగా వచ్చాయి. మధ్యలో ఇనుప జాలీ. నా ఉద్యోగం ఉద్యోగమేనని రుజువు చేయడానికి వేరే దారి లేక ఫోను నాయక్ తాత చేతికిచ్చాను.

అంతే, పెళ్లిచూపులు అటకెక్కాయి. మంచాలన్నీ ఖాళీ అయి అందరూ తాత వెనక గుమిగూడారు. తెల్లటి గుస్టావ్ జాలీ దగ్గరకొచ్చి ముక్కు ఆనించాడు. ఫ్రీడా అటు తిరిగి కూర్చుంది.

"పిల్లకు మనసు లేదు" అన్నాడు తండ్రి.

"సిగ్గు గావచ్చు" అన్నాడు చెంప కుట్ల బాబాయి. అందరికంటే ముందుకు వంగి చూస్తున్నది ఆయనే.

"ఏం సిగ్గు? గంత లావున్నది!" అంది తల్లి.

మంజుల టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. నేను తప్ప ఎవరూ తలెత్తలేదు. ఆమె ఒక నిమిషం చూసి, గ్లాసులు మంచం మీద పెట్టేసి, తానూ తాత భుజం మీదుగా ఫోనులోకి వంగింది. బంగారం లాంటి పిల్ల. నాకు చూడగానే నచ్చింది. ఆమె చూసింది మాత్రం గుస్టావ్‌ను.

"గీ జాలీ ఎందుకు?" అని అడిగింది, ఫోను వైపే చూస్తూ.

"ఊరికే వదిలితే కొట్టుకు చస్తాయి. మగది ఆడదానికి రెట్టింపు బరువు ఉంటుంది. ముందు వాసన పట్టాలి, చూపు అలవాటు కావాలి. రెండు వారాలో, మూడు వారాలో. ఆడది తనంతట తాను వచ్చి జాలీ దగ్గర కూర్చుంటేనే తలుపు తీస్తాం."

"రాకుంటే?"

"తియ్యం. ఇంకో సంబంధం చూస్తాం."

"గంత దూరంకెళ్లి తెచ్చినంక గూడ?"

"తెచ్చినా సరే. లెక్కలో ఎంత మంచి జతైనా సరే."

ఇంట్లోంచి నానమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. పిల్లలెప్పుడు పుడతాయని అడిగింది. ఎండాకాలం ముందు కలిసినా కడుపు వెంటనే నిలవదని, ఆడది బాగా తిని కొవ్వు పట్టాకే, చలికాలం ముందర నిలుస్తుందని, ఒళ్లు చాలకపోతే అసలు నిలవదని చెప్పాను. ఈనే ముందు దానికి చీకటి గది ఇచ్చి, మగదాన్ని దూరం పెట్టి, కెమెరాలోంచి తప్ప ఎవరూ తొంగి చూడరని కూడా చెప్పాను.

"తెలివిగల్లది" అంది ముసలమ్మ. "మాకు గట్లుంటే ఎంత బాగుండు!" అని పకపకా నవ్వింది. కోడలు చెంగు అడ్డం పెట్టుకుంది.

నవ్వులు చూసి మామకు ధైర్యం వచ్చింది. "ఇగ మంచి మాట నడుస్తున్నది. బెల్లం అందుకోండ్రి, నాలుగింటి బస్సు పట్టాలె" అని పళ్లెం మీదికి చెయ్యి చాపాడు.

"ఎవరు ముట్టొద్దు" అంది మంజుల.

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. చెంప కుట్ల బాబాయి ఒక్కడే వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాడు.

"నాయినా, గా ఎలుగుకు మూడు వారాలు ఇస్తున్నరు. నాకు టీ సల్లారేదాంకనేనా? నాకు గూడ జాలీ కావాలె. నేను సరే అన్నంకనే బెల్లం."

"ఎలుగుకు నీకు పోలికేందే!" అని తండ్రి లేచాడు. నాయక్ తాత గొంతు సవరించుకున్నాడు. మామ చెయ్యి ఇంకా పళ్లెం మీద గాలిలోనే ఉంది. ఇదీ పోయింది, అనుకున్నాను. ఈసారి పోగొట్టింది మామ ఫోటో కాదు, నా నోరే. అయినా ఆ పిల్ల అడిగింది తప్పని నేను ఎలా అంటాను? అదే మాట ఎన్ని జూలకు రాసి పంపలేదు!

తీర్పు నానమ్మ చెప్పింది. "మీ నాయిన మొకం నేను లగ్గమైన మూడో నాడు సూసిన" అంది కొడుకుతో. "ముందుగాల సూస్తే ఏమందునో!" పళ్లెం తీసుకుని, ఒక ముక్క తన నోట్లో వేసుకుని, "నాది లెక్కకు రాదు తియ్" అంటూ లోపలికి పోయింది.

సంబంధం తేలకపోయినా భోజనం ఆగలేదు. జొన్నరొట్టె, నాటుకోడి కూర. మామ కోపంగా మూడు రొట్టెలు తిన్నాడు.

నాలుగున్నరకు అడ్డరోడ్డు మీద ఖమ్మం బస్సు దొరికింది. మర్నాడు పొద్దున డ్యూటీ ఉందని మంజుల కూడా అదే బస్సు ఎక్కింది, అన్నను వెంటబెట్టుకుని. వాళ్లు ముందు, మేం వెనక. మధ్యలో ఇప్పపువ్వు మూటలు, నిలబడ్డ జనం. పాల్వంచ దాకా ఆమె జడ కొస తప్ప నాకేమీ కనబడలేదు. మామ మాత్రం గొణుగుతూనే ఉన్నాడు: "నోరు మూసుకుంటే పనైపోతుండె. జాలీ అట, జాలీ!"

కొత్తగూడెంలో దిగే తలుపు మా వైపు ఉంది. అన్న ముందు దిగాడు. ఆమె నా సీటు దగ్గర ఆగింది.

"ఒక మాట. గా గుస్టావ్ వద్దంటే గూడ ఆపుతరా?"

"ఆపుతాం."

"మరి మిమ్ముల ఎవరన్న అడిగిన్రా?"

నన్నెవరు అడిగారు? అమ్మ ఒట్టు పెట్టుకుంది, మామ ఫోటో పంపాడు, పిల్ల తండ్రి ఉద్యోగం అడిగాడు. నీకు ఇష్టమేనా అని ఒక్కరూ అనలేదు. నేనూ అనుకోలేదు. ఆమె మెట్టు దిగుతుంటే సీట్లోంచి లేచాను.

"నాకు ఇష్టమే!" అని అరిచాను.

బస్సంతా వెనక్కి తిరిగింది. "సారూ, ఇష్టమైతే దిగుండ్రి, లేకుంటే తలుపేయనియ్యుండ్రి" అన్నాడు కండక్టరు.

ఆమె కింద నిలబడి నవ్వింది. "నాకింక టైమున్నది" అంది. బస్సు కదిలాక కిటికీ పక్కన నాలుగడుగులు నడిచింది. "రేపటి ఎలుగుల వీడియో పంపుండ్రి!"

పంపడానికి నంబరేదీ? మామ ఫోనులో ఉంటుంది. అడిగాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుని పైన చెయ్యి వేసుకున్నాడు.

"పిల్ల ఇచ్చిందా నీకు?"

"లేదు."

"ఆమెనే ఇయ్యాలె. నేనియ్య. జాలీ అంటే జాలీనే."

జూలూరుపాడు దాకా బతిమాలాను. ఇవ్వకుండానే దిగిపోయాడు. ఖమ్మం చేరేసరికి ఎనిమిదయింది. ఈ దారి నాకు చాలా అందంగా కనబడింది, అందులో అడవి వంతు ఎంతో, ఆమె వంతు ఎంతో ఇప్పుడే చెప్పలేను. గుస్టావ్ ఓపిక పట్టాలని అంతకుముందు మేడమ్‌కు నేనే మెయిలు రాశాను, రెండు వాక్యాల్లో, చాలా తేలిగ్గా. ఇక ముందు ఆ మాట రాసేముందు వాడి గురించి కూడా కాసేపు ఆలోచిస్తాను.